నలభై డాలర్ల గురుదక్షిణ

అమెరికాలో, ఫ్రిస్కోలో ఉన్న మా అబ్బాయి ఇంట్లో ఇద్దరు పిల్లలకు ఏడుగురు గురువులు. సోమ, బుధవారాలు కుమాన్ లెక్కలు. మంగళవారం మనవరాలికి కూచిపూడి, మనవడికి చెస్. గురువారం ఈత. శనివారం పొద్దున్నే కర్ణాటక సంగీతం. ఆదివారం మనబడిలో తెలుగు. ఈ ఆరుగురి దగ్గరికీ పిల్లల్ని కారులో తీసుకెళ్ళి దించాలి, బయట కూర్చుని ఫోను చూసుకోవాలి, మళ్ళీ ఎక్కించుకుని రావాలి. ఏడో గురువుతో ఆ బాధ లేదు. ఆయన కెన్యాలో ఉంటాడు. వయసు ఎనిమిదేళ్ళు. బోధించే సబ్జెక్టు దాతృత్వం. ఫీజు నెలకు నలభై డాలర్లు.

ముప్పైనాలుగేళ్ళు తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి, గురువుల విలువ కట్టడం నాకు కొంత వచ్చు. ఆరు నెలలుండిపోదామని వచ్చినవాడికి వేరే పని మాత్రం ఏముంటుంది? తీరిగ్గా కూర్చుని బేరీజు వేశాను. ఏడుగురిలోకీ కెన్యా గురువే మేటి.

కుమాన్‌కు ఒక్క సబ్జెక్టుకే నూటయాభై పైన అవుతోందట. కూచిపూడి ఫీజుతో పోయేది కాదు. ఏదో ఒకనాటికి అరంగేట్రం వచ్చి మీదపడుతుంది. హాలు, ఆహార్యం, మృదంగం వాయించే ఆయనకు విమానం టిక్కెట్టు, వచ్చినవాళ్ళందరికీ భోజనాలు. కెన్యా గురువుకు ఇవేమీ అక్కర్లేదు. సెలవు పెట్టడు. "మీవాడు ఇంట్లో సాధన చేయట్లేదండీ" అని తల్లికి ఫిర్యాదు చేయడు. శిష్యులు తనను మూడు నెలలు మరిచిపోయినా నొచ్చుకోడు. ఆయన దక్షిణ క్రెడిట్ కార్డులోంచి నెలనెలా దానంతటదే వెళ్ళిపోతుంది. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదని పెద్దలు నియమం పెట్టారు కదా, ఈ పద్ధతిలో కుడిచేతికి కూడా తెలియదు. పైగా ఏడాది చివర రసీదు వస్తుంది, పన్ను లెక్కల్లో చూపించుకోవచ్చు. పెద్దవాడు కాలేజీకి దరఖాస్తు పెట్టుకునేటప్పుడు రాయాల్సిన వ్యాసానికి కూడా అక్కరకొస్తుందని మావాడు ముందుచూపుతో అన్నాడు. లెక్కల మాస్టారు లెక్కలు మాత్రమే ఇస్తాడు. ఈయన పుణ్యం, పన్ను మినహాయింపు, కాలేజీ సీటు మూడూ ఒక్క ఫీజులోనే సర్దేస్తున్నాడు.

ఈ చదువు ఎలా మొదలైందో చెప్పాలి. పెద్దవాడి పదో పుట్టినరోజుకు ఇరవైమూడు బహుమతులు వచ్చాయి. అన్నీ పావుగంటలో చించి చూసి "అంతేనా?" అన్నాడు. ఆ ఒక్క మాటకు తల్లిదండ్రులకు రాత్రి నిద్రపట్టలేదు. బహుమతులు మానిపిద్దామా అన్న ఆలోచన కూడా వచ్చిందట. కానీ మనం పిలిచినవాళ్ళు మళ్ళీ మనల్ని పిలుస్తారు. అక్కడికి మనం వట్టిచేతులతో వెళ్ళలేం, ఇక్కడికి వాళ్ళను వట్టిచేతులతో రమ్మనలేం. అందుకని బహుమతుల జోలికి పోకుండా వాటి పక్కన దాతృత్వాన్ని కూడా చేర్చారు. పథ్యం అక్కర్లేని మందు దొరికితే ఎవరు కాదంటారు?

మందు పేరు స్పాన్సర్‌షిప్, అంటే నెలనెలా డబ్బు కట్టి దూరదేశంలో ఒక పిల్లవాణ్ణి చదివించడం. ఆ పేరు చెప్పింది పక్కింటి అమెరికన్ పెద్దావిడ. చాలా మంచి మనిషి. నేను వచ్చిన కొత్తలోనే ఇంటికి పిలిచి టీ ఇచ్చింది. వాళ్ళ వంటింట్లో ఫ్రిజ్ తలుపు మీద మునుపు మన దేశపు అమ్మాయి ఫొటో ఒకటి ఉండేదట. దాన్ని పారేయకుండా సొరుగులో దాచింది. తీసి చూపించింది. నూనె రాసి బిగించి అల్లిన రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు, మెడ దగ్గర గుండీ ఊడిన యూనిఫాం. వెనకాల తమిళనాడు అని రాసి ఉంది. "ఈ అమ్మాయి మీకు తెలుసా?" అని అడిగింది. నిజంగానే అడిగింది. తెలియదని చెప్పడానికి నాకెందుకో సిగ్గేసింది.

ఆ అమ్మాయి ఫ్రిజ్ మీద నుంచి సొరుగులోకి ఎందుకు వెళ్ళిందో తర్వాత తెలిసింది. కంపాషన్ ఇంటర్నేషనల్ అనే అమెరికా సంస్థ మన దేశానికి పంపే డబ్బుకు ముందస్తు అనుమతి తప్పనిసరి అని మన కేంద్ర హోంశాఖ 2016లో ఆంక్ష పెట్టింది. అనుమతి రాలేదు. 2017 మార్చి మధ్యలో ఆ సంస్థ మన దేశంలో పని చాలించుకుంది. సుమారు 1,45,000 మంది పిల్లల పేర్లు ఒక్కసారిగా జాబితాలోంచి పోయాయి. ఇక్కడి దాతలకు మాత్రం ఏ లోటూ రాకుండా చూశారు. కావాలంటే మరో దేశపు పిల్లల్ని తీసుకోవచ్చన్నారు. పక్కింటావిడ కూడా అలాగే ఇంకొకర్ని తీసుకుంది. పేపరు వేసే కుర్రాడు మానేస్తే మర్నాడు మరో కుర్రాడు వస్తాడే, అంత సాఫీగా జరిగిపోయింది. రెండు జడల అమ్మాయికి ఆ నెల ఏమని చెప్పారో పక్కింటావిడకు ఎవరూ చెప్పలేదు.

దేశం ఎదగడం అంటే ఏమిటో నాకు ఆ వంటింట్లో అర్థమైంది. పాతికేళ్ళ కిందట మన పిల్లల ఫొటోలు వాళ్ళ ఫ్రిజ్‌ల మీద ఉండేవి. ఇవాళ కెన్యా పిల్లల ఫొటోలు మన ఫ్రిజ్‌ల మీద ఉన్నాయి. పుచ్చుకునే వరసలోంచి ఇచ్చే వరసలోకి వచ్చాం. ఫ్రిజ్ కూడా వాళ్ళదాని కన్నా మనదే పెద్దది, రెండు తలుపులది.

పిల్లవాణ్ణి ఎంచుకున్న రోజు నేను అక్కడే ఉన్నాను. అంతకన్నా చక్కని ఏర్పాటు ఎక్కడా చూడలేదు. సంస్థ వెబ్‌సైటులో ఏ దేశం, ఆడా మగా, ఎన్నేళ్ళు, ఏ తారీఖున పుట్టాలి, అన్నీ నొక్కి చెప్పుకోవచ్చు. నొక్కగానే వరసగా ముఖాలు వస్తాయి. మన పెళ్ళిచూపులు గుర్తొచ్చాయి గానీ, ఇది వాటికన్నా ఎన్నో రెట్లు నాగరికం. అక్కడైతే ఉప్మా తినాలి, అమ్మాయి పాడితే వినాలి, "ఏ సంగతీ ఉత్తరం రాస్తాం" అని మర్యాదగా అబద్ధం ఆడి రావాలి. ఇక్కడ వేలితో పక్కకు తోస్తే చాలు. తోసేసిన పిల్లవాడికి తోసేసినట్టు కూడా తెలియదు.

మనవరాలికి పక్కన కుక్కపిల్ల ఉన్న పిల్ల కావాలి. మనవడికి తన పుట్టినరోజు నాడే పుట్టినవాడు కావాలి. మా కోడలు మనసు మెత్తన. ఒకడి ఫొటో మీద, చాన్నాళ్ళుగా ఎదురుచూస్తున్నాడు అన్న మాట కనపడగానే వాణ్ణే తీసుకుందామంది. మనవడు ఒప్పుకోలేదు. "ఇన్నాళ్ళూ ఎవరూ తీసుకోలేదంటే వాడిలో ఏదో తేడా ఉండి ఉంటుందమ్మా" అన్నాడు. వస్తువు కొనేముందు నాలుగు రకాలుగా ఆలోచించాలని వాళ్ళ నాన్న నేర్పిన తెలివి ఊరికే పోలేదు. చివరికి నవ్వు ముఖం ఉన్నవాడు, ఎనిమిదేళ్ళవాడు, కెన్యావాడు కుదిరాడు. పేరు రాయను. పిల్లల వివరాలు బయటపెట్టకూడదని సంస్థవాళ్ళ నియమం. ఆ నియమం మీద నాకు ఎంతో గౌరవం. వాడి ఫొటో, పుట్టినతేదీ, తండ్రి లేడన్న సంగతి అప్పటికే లోకమంతా చూడగా మిగిలినదేదో కాపాడాలి కదా.

ఇలా ఎంచడంలో ఎక్కువతక్కువలు ఉన్నాయని ఎవరో అన్నట్టున్నారు. 2019లో వరల్డ్ విజన్ సంస్థ పద్ధతిని తిరగేసింది. దాతల ఫొటోలు పట్టుకెళ్ళి పిల్లల ముందు పెడతారు, పిల్లలే తమ దాతను ఎంచుకుంటారు. సమానత్వం వచ్చేసింది. ఫొటోలు అటు నుంచి ఇటు కాక ఇటు నుంచి అటు వెళుతున్నాయి. నచ్చిన దాత దొరక్కపోతే మానేసే వీలు కూడా ఆ పిల్లలకు ఉండే ఉంటుంది, అడిగి తెలుసుకోవాలి.

ముఖం చూపించందే చెయ్యి జేబులోకి పోదన్న సత్యాన్ని పట్టుకున్నవాళ్ళు మహానుభావులు. దీని మీద అమెరికాలో 2007లో ఒక పరిశోధన అచ్చయింది. మనుషులకు ఐదేసి డాలర్లు ఇచ్చి, అందులోంచి ఆకలితో ఉన్నవాళ్ళకు ఎంత ఇస్తారో చూశారు. ఆఫ్రికాలో ఇన్ని లక్షలమంది ఆకలితో ఉన్నారని అంకెలు చూపిస్తే సగటున 1.14 డాలర్లు రాలాయి. మాలి దేశంలో రోకియా అనే ఏడేళ్ళ పిల్ల ఉందని ఒక్క ముఖం చూపిస్తే 2.38 డాలర్లు. ముఖమూ అంకెలూ కలిపి చూపిస్తే మళ్ళీ 1.43కి దిగిపోయింది. అంటే ఆ పిల్ల పక్కన మిగతా పిల్లలు నిలబడితే ఆ పిల్లకు కూడా నష్టమే. మా ఫ్రిజ్ మీద ఒకే ఫొటో ఎందుకుండాలో దీంతో తేలిపోయింది.

ఈ ముఖాల విద్య వెనక పెద్ద చరిత్రే ఉంది. మొదటి ప్రపంచయుద్ధం అయిపోయాక 1919లో ఎగ్లాంటైన్ జెబ్ అనే ఇంగ్లీషావిడ, శత్రుదేశాల పిల్లలైనా సరే ఆకలి ఆకలేనని సేవ్ ద చిల్డ్రన్ పెట్టింది. 1937లో స్పెయిన్ అంతర్యుద్ధంలో జాన్ లాంగ్డన్-డేవిస్ అనే విలేఖరికి ఒక చిన్న కుర్రవాడు తటస్థపడ్డాడు. ఊరు శత్రువుల పాలైతే తనను కాల్చి చంపుతారని, దొరికినవాళ్ళు తన బిడ్డను చూసుకోవాలని తండ్రి రాసిన చీటీ వాడి దగ్గరుంది. ప్లాన్ అనే సంస్థ అలా పుట్టింది. 1950లో వరల్డ్ విజన్, 1952లో కంపాషన్, కొరియా యుద్ధంలో అనాథలైన పిల్లల కోసం లేచాయి. పాపం, ఆ రోజుల్లో ఒక పిల్లవాడు దాత కంట పడాలంటే ఊరు కాలిపోవాలి, తండ్రి చచ్చిపోవాలి, ఎవడో ఒక విలేఖరి అటుగా రావాలి. ఇవాళ కుమాన్‌కూ ఈతకూ నడుమ దొరికే అరగంట చాలు.

ఫొటో వచ్చాక దాన్ని అయస్కాంతంతో ఫ్రిజ్‌కు అంటించారు. పిజ్జా కూపనుకు పైన, బడి క్యాలెండరుకు కింద. ఆ రోజు నుంచి ఇంట్లో క్రమశిక్షణ బాగుపడింది. మనవరాలు బ్రొకోలీ పక్కకు నెడితే తల్లి ఫ్రిజ్ వైపు చూపిస్తుంది. "పాపం ఆ అన్నకు ఇది కూడా దొరకదు, చూడు." పిల్ల ఒకసారి ఫొటో వంక చూసి, గబగబా నాలుగు ముద్దలు మింగుతుంది. మా చిన్నప్పుడు అన్నం తినకపోతే బూచాడికి పట్టిస్తామనేవారు. బూచాడు నల్లగా ఉంటాడని, దూరం నుంచి వస్తాడని, ఎప్పుడూ ఆకలితో ఉంటాడని మా అమ్మమ్మ చెప్పేది. ఇప్పుడు ఆ ఉద్యోగం ఒక మంచి పిల్లవాడికి, జీతమిచ్చి మరీ, అప్పగించారు.

మనవరాలు ఒకరోజు నన్ను అడిగింది. "తాతయ్యా, ఆ అన్న ఇంట్లో బ్రొకోలీ తినకపోతే వాళ్ళమ్మ ఎవరిని చూపిస్తుంది?" ఆదివారం బడిలో నేర్పని ప్రశ్న. మాట మార్చేశాను.

దాతలు పాటించాల్సిన నియమాలు కూడా వచ్చాయి. వాటిని రాసినవాళ్ళ సున్నితత్వానికి చేతులెత్తి మొక్కాలి. ఉత్తరాల్లో మన ఆస్తిపాస్తుల గురించి రాయకూడదు. పెద్ద ఇల్లు, కారు లాంటివి కనపడే ఫొటోలు పంపకూడదు. అవతల పిల్లవాడి మనసు చిన్నబోతుంది. అంటే దాతృత్వం నేర్చుకునే పిల్లలు మొట్టమొదట నేర్చుకోవాల్సిన పాఠం, ఉన్నది దాచడం. మా ఇంట్లో ఆ పాఠానికి ఒక ఆదివారం మధ్యాహ్నమంతా పట్టింది. పెరట్లో నిలబెడితే ఈత కొలను పడుతోంది. ముందువైపు నిలబెడితే మూడు కార్లు. హాల్లో అయితే గోడ నిండా టీవీ. మెట్ల దగ్గర అయితే మెట్లే పెద్దవిగా ఉన్నాయి. చివరికి గరాజ్ తలుపు మూసి, తెల్లటి ఆ రేకు ముందు ఇద్దర్నీ నిలబెట్టి తీశారు. ఫొటో ఎంతో బాగా వచ్చింది. చూస్తే ఎవరో ఇల్లూవాకిలీ లేని పిల్లలు గోడకు ఆనుకుని నిలబడ్డట్టుంది. "ఇప్పుడు మనల్ని ఎవరైనా స్పాన్సర్ చేస్తారు" అన్నాడు మనవడు. వాడికి హాస్యం వాళ్ళ నానమ్మ పోలిక.

డొక్కా సీతమ్మగారి కథ వాళ్ళకు ఆ రాత్రి చెప్పాను. కోనసీమ లంకల గన్నవరంలో, గోదావరి దాటి వచ్చేవాళ్ళకు వేళ కాని వేళలో కూడా పొయ్యి వెలిగించి వండిపెట్టిన ఇల్లాలు. ఆవిడ పేరు సముద్రాలు దాటింది. ఏడో ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకానికి రమ్మని పిలుపు వస్తే వెళ్ళలేదట. పోనీ ఫొటో అయినా పంపమంటే, ఫొటో ఎందుకు, ఈ పని పేరు కోసం చేస్తున్నానా అని ఒప్పుకోలేదని, కలెక్టరు బతిమాలి తీయించాడని చెప్పుకుంటారు. విని మనవడు ఆలోచనలో పడ్డాడు. "మరి తినడానికి వచ్చినవాళ్ళ ఫొటోలు ఆవిడ దగ్గర ఉన్నాయా?" లేవన్నాను. "అయితే ఎవరికి పెట్టిందో ఎలా గుర్తుంటుంది?" అన్నాడు. నిజమే. సీతమ్మగారికి ఈ సంగతి తోచినట్టు లేదు. తినేవాళ్ళను ఒక్కొక్కర్ని నిలబెట్టి ఫొటోలు తీయించి, నెలకొక ఉత్తరం రాయించుకుని ఉంటే ఇవాళ ఎంత పెద్ద సంస్థ అయ్యేదో!

ఇక ఉత్తరాల విషయం. దీని గురించి మాట్లాడే హక్కు ఈ ఇంట్లో నాకు తప్ప ఎవరికీ లేదు. నేను అటువైపు పనిచేసి వచ్చినవాణ్ణి.

తొంభైల్లో మా జిల్లాలో ఒక హాస్టలుకు ఇలాగే విదేశాల నుంచి డబ్బు వచ్చేది. పేరు వద్దు. నెలకోసారి శనివారం నాడు నన్ను పిలిచేవారు. అరవైమంది పిల్లలు వరండాలో బాసింపట్టు వేసుకుని కూర్చునేవారు. నేను బోర్డు మీద రాసేవాణ్ణి. ప్రియమైన స్పాన్సర్ గారికి నమస్కారములు, నేను ఇక్కడ క్షేమము, మీరు అక్కడ క్షేమమని తలుస్తాను, ఈ నెల వర్షములు బాగుగా కురిసినవి, నేను బాగుగా చదువుచున్నాను, మీ మేలు మరువలేను. అరవైమందీ ఎక్కించుకునేవారు. కింద ఒక బొమ్మ వేసుకోవచ్చు. కొండల మధ్య సూర్యుడు, గుడిసె, కొబ్బరిచెట్టు. మా ఊళ్ళో కొండ లేదు. అయినా అరవై కాగితాల మీదా సూర్యుడు కొండల నడుమే ఉదయించేవాడు. పని అయ్యాక నాకు టీ, బన్ను, యాభై రూపాయలు. ఇంగ్లీషులోకి మార్చడానికి ఇంకొకాయన ఉండేవాడు, ఆయనకు డెబ్భై.

మూడు కట్టుబాట్లు ఉండేవి. వస్తువులు అడగకూడదు. ఏడుపు రాయకూడదు. ఉత్తరం ఖాళీగా ఉండకూడదు. ఒకసారి ఆరో తరగతి కుర్రాడొకడు బోర్డు మీద లేని రెండు వాక్యాలు సొంతంగా చేర్చాడు. "మా గేదె చచ్చిపోయింది. మీకు గేదె ఉందా?" మొదటి వాక్యం కొట్టేయించాను. విచారం. రెండోది ఉంచాను. కుతూహలం మంచిదే కదా. ఐర్లండులోని వాడి స్పాన్సర్ల దగ్గర్నుంచి నాలుగు నెలలకు జవాబు వచ్చింది. తమకు గేదె లేదని, పిల్లి ఉందని, నిద్రపోవడం తప్ప అది ఏ పనీ చేయదని, ఇదిగో ఫొటో అని. సోఫా మీద బూడిదరంగు పిల్లి. కుర్రాడు దాన్ని చాలాసేపు చూసి, "మాస్టారూ, పాలివ్వని దాన్ని ఎందుకు మేపుతున్నారు?" అన్నాడు. "వాళ్ళు దయగలవాళ్ళురా" అన్నాను.

ఈ ఉత్తరాల వ్యవస్థ పిల్లవాడి మీద కూడా ఆధారపడదని 1998లో రుజువైంది. షికాగో ట్రిబ్యూన్ విలేఖరులు తామే స్పాన్సర్లుగా చేరి, కొన్నేళ్ళయ్యాక ఆ పిల్లల్ని వెతుక్కుంటూ దేశాలు తిరిగారు. మాలిలో ఒక అమ్మాయి పిడుగుపడి చనిపోయింది. చనిపోయాక కూడా ఆ అమ్మాయి తరఫున కబుర్లు దాతకు అందుతూనే వచ్చాయి. దీన్ని జనం తప్పుపట్టారు గానీ, గురువన్నవాడు చనిపోయాక కూడా పాఠం ఆగకుండా చూడటం ఏ గురుకులంలో సాధ్యమైంది?

వెటకారం అనుకునేరు. ఈ పద్ధతి పనిచేస్తుంది. 2013లో బ్రూస్ వైడిక్, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు కలిసి, మన దేశంతో సహా ఆరు దేశాల్లో 10,144 మంది వివరాలు సేకరించి చూశారు. స్పాన్సర్ దొరికిన పిల్లలు దొరకనివాళ్ళకన్నా ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా ఎక్కువ చదువుకున్నారు. పెద్దయ్యాక నెలజీతం వచ్చే ఉద్యోగాలు కూడా వాళ్ళకే ఎక్కువ దొరికాయి. నాకైతే ఆ పరిశోధన అక్కర్లేదు. గేదె కుర్రాడు ఇవాళ కువైట్‌లో నర్సు. ప్రతి సంక్రాంతికీ ఫోను చేస్తాడు. ఆ డబ్బే లేకపోతే ఏడో తరగతిలో పలుగూపారా పట్టేవాడు. కాబట్టి నలభై డాలర్లను నిందించడం నా వల్ల కాదు. ఆ నలభై డాలర్లు నేరుగా కెన్యా పిల్లవాడికే చేరతాయని అనుకోను. చాలా సంస్థలు డబ్బు ఊరుమ్మడిగా ఖర్చు చేస్తామని చిన్న అక్షరాల్లో చెబుతూనే ఉన్నాయి. ఊరికి బావి తవ్వినా మంచిదే. చిక్కల్లా ఏమంటే, బావిని ఫ్రిజ్‌కు అంటిస్తే మా మనవరాలు బ్రొకోలీ తినదు.

కిందటిసారి ఫోనులో ఆ నర్సు అడిగాడు. "మాస్టారూ, మేం రాసిన ఉత్తరాలు అక్కడ వాళ్ళ పిల్లలు చదివేవాళ్ళంటారా?" చదివేవాళ్ళురా అన్నాను. అప్పటికి నేను ఫ్రిస్కో రాలేదు.

వాడు కూడా ఇప్పుడు ఒకణ్ణి చదివిస్తున్నాడు. చెల్లెలి కొడుకును. ఆ మేనల్లుడు ఉత్తరం రాయడు, ఫోన్ ఎత్తడు, ఇంటరు రెండుసార్లు తప్పాడు, ఇప్పుడు బైకు కొనిపెట్టమంటున్నాడు. "మీ స్పాన్సర్‌కు నువ్వు బైకు కావాలని ఎప్పుడైనా రాశావురా?" అన్నాను. "మీరు రాయనిచ్చారా?" అన్నాడు. దగ్గరివాళ్ళకు పెట్టడంలో ఉన్న నష్టమిదే. పుచ్చుకున్నవాడు ఎదురుగా ఉంటాడు, వాడికి నోరుంటుంది.

మా నాన్నగారు వారాలు చేసుకుని చదువుకున్నారు. సోమవారం ఒకరింట్లో భోజనం, మంగళవారం మరొకరింట్లో. ఆ ఏర్పాటు కూడా ఎక్కువగా ఒక కులంవాళ్ళ పిల్లలకే అమరిన భాగ్యం. మిగతావాళ్ళ పిల్లలు పస్తులతోనే అక్షరాలు దిద్దారు, లేదా అదీ లేదు. సరే, అది వేరే కథ. వారాలబ్బాయితో వచ్చే ఇబ్బందులు మాత్రం ఈ తరంవాళ్ళు ఊహించలేరు. వాడు ఇంట్లోకి వస్తాడు. మన పిల్లల పక్కనే పీట వేసుకుంటాడు. ఎంత తిన్నాడో కనపడుతుంది, ఎంత పెట్టామో వాడికీ కనపడుతుంది. మన ఇంట్లో ఆ పూట జరిగిన తగాదా వింటాడు. పరీక్షల్లో మనవాడికన్నా నాలుగు మార్కులు ఎక్కువ తెచ్చుకుంటాడు. గురువారం ఇంటివాళ్ళు నాన్నగారికి ఎప్పుడూ చారునీళ్ళూ మజ్జిగా పోసేవారట. ఆ ఇంటి పేరు వినపడితే, ఎనభయ్యో ఏట కూడా నాన్నగారి చెయ్యి విస్తట్లో ఒక్క క్షణం ఆగేది. శనివారం ఇంటావిడ, పిల్లాడికి ఆకలెక్కువని తన వాటా పెరుగు వేసేదట. ఆవిడ పోయిన రోజున ఆయన మైల పట్టారు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

చూడండి, ఎంత గందరగోళమో. నెలకు నలభై డాలర్ల పద్ధతిలో ఎవరూ ఎవరింటి మజ్జిగ రుచీ చూడనక్కర్లేదు.

మొన్న కెన్యా నుంచి ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషు అనువాదం తెర మీద పైన, పిల్లవాడి చేతిరాత కాగితం ఫొటో కింద. తాను బాగున్నాడట. మేం బాగున్నామని తలుస్తాడట. వానలు బాగా పడ్డాయట. ఉగాలి అంటే ఇష్టమట. ఉగాలి ఏమిటని పిల్లలు అడిగితే, మొక్కజొన్న పిండితో గట్టిగా ఉడకబెట్టేది, మన సంకటి లాంటిదే అన్నాను. మనవరాలు మూతి ముడిచింది. సంకటి కూడా ఏమిటో తెలియదు దానికి. కింద బొమ్మ ఉంది. రెండు కొండలు, నడుమ సూర్యుడు.

జవాబు రాయాలి. మనవడికి శనివారం చెస్ పోటీ, మనవరాలికి ఒంట్లో బాగాలేదు, కోడలికి ఆఫీసులో ఆఖరి వారం. "నాన్నా, మీరు రాసేయండి, నాలుగు ముక్కలేగా, మీకు అలవాటే కదా" అన్నాడు మావాడు. అలవాటే. ల్యాప్‌టాప్ ముందు పెట్టి వెళ్ళాడు.

ముందు చేతిరాతను పెద్దది చేసి చూశాను. అక్షరాలు గుండ్రంగా, వరసలు తిన్నగా ఉన్నాయి. బోర్డు చూసి రాసిన రాత ఎక్కడున్నా నేను గుర్తుపడతాను. అక్కడ కూడా నాలాంటి పంతులు ఒకాయన ఉండి ఉంటాడు, సుద్దముక్కతో. ఆయనకు టీ ఇస్తున్నారో లేదో. నాలుగో వరసకూ ఐదో వరసకూ నడుమ ఒక వరస రబ్బరుతో చెరిపిన మరక ఉంది. పెన్సిల్ గట్టిగా నొక్కి రాసినట్టున్నాడు, గీతలు పూర్తిగా పోలేదు. అనువాదంలో ఆ వరస లేదు. ఇంకా పెద్దది చేశాను. ఒకటి రెండు అక్షరాలు తెలిశాయి గానీ అది స్వాహిలీ, నాకు రాదు.

మనవడి పేరు మీద మొదలుపెట్టాను. నేను ఇక్కడ క్షేమం. మీరు అక్కడ క్షేమమని తలుస్తాను. ఈ నెల ఇక్కడ కూడా వానలు బాగా పడ్డాయి. బాగా చదువుకుంటున్నాను. ఆ చెరిపిన చోట ఏం రాశావు బాబూ అని అడుగుదామనుకున్నాను. పిల్లల్ని బాధపెట్టే ప్రశ్నలు వేయకూడదని నియమాల్లో ఉంది.

మీకు గేదె ఉందా అని రాశాను.